మొదటి సూది ముసలిదానికి

రాళ్లగెడ్డ,
9 అక్టోబరు 2024

హేమలతకి నీ మేనత్త సోములమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

రాస్తున్నది మన బడి టీచరమ్మ సత్యకుమారి. ఆవిడ మైదానం మనిషి. నా మాటల్ని ఉతికి, ఆరేసి, మడతపెట్టి రాస్తుంది. చదువుతున్నప్పుడు నా అరుపు నీకు వినబడకపోతే తప్పు ఆవిడదే, నా గొంతుది కాదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. కొండ ఎక్కి నిలబడితే రెండు మాటలు వెళతాయి, మూడోది గాలిలో పోతుంది. నేను చెప్పేది రెండు మాటల్లో తేలేది కాదు.

ఈపాటికి మీ సంస్థ జీపు విశాఖపట్నం చేరి ఉంటుంది. మీవాళ్లు నీతో ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. రాళ్లగెడ్డలో ఒక ముసలిది కర్ర పట్టుకుని అడ్డం నిలబడింది, సూదులు వెయ్యనివ్వలేదు, ఆ ముసలిది హేమలత మేనత్తేనట అని చెప్పి ఉంటారు. నిజమే. కర్ర పట్టుకున్నాను. అడ్డం నిలబడ్డాను. మిగతాది కూడా విను.

చలికాలం జ్వరానికి టీకా పంపిస్తున్నానని నువ్వు కబురు పెట్టిన నాటినుంచి ఊరంతా ఎదురుచూస్తోంది. పోయిన చలికి బుధు పెళ్లాం కడుపుతో ఉండి ఆ జ్వరంతోనే పోయింది. డోలీ కట్టి దించుతుంటే, రోడ్డు కనబడే చోటికి వచ్చాక ఊపిరి ఆగింది. ఇప్పుడు మన ఇంట్లో నా కోడలు సౌందర్యకి ఏడో నెల. ఆ సూది వద్దని నేనెందుకంటాను? బడి అరుగు నేనే అలికి పెట్టాను. ముగ్గు కూడా వేయించాను.

మీవాళ్లు జీపు కింద రోడ్డుమీద ఆపి నడిచి వచ్చారు. నీలం పెట్టె దించారు. కుర్చీ వేశారు. కడుపుతో ఉన్నవాళ్లు రండి అన్నారు. సౌందర్యని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అందరికంటే మొదట కూర్చోబెట్టారు. మొదట! నేను ముందుకెళ్లి, "ఆ గుంటని లెగమనండి. ముందు నాకెయ్యండి" అన్నాను. కళ్లజోడాయన నవ్వాడు. "నీకు లేదు మామ్మా, ఇవి కడుపుతో ఉన్నవాళ్లకీ ఆశా వర్కర్‌కీ" అన్నాడు. "అయితే ఎవులికీ లేదు. పెట్టె మూసీసి బేగి ఎల్లండి" అన్నాను. అప్పుడు తీశాను కర్ర.

నవ్వకపోయి ఉంటే తీసేదాన్ని కాదు. అది కూడా మీ సంస్థ డాక్టరమ్మకి చెప్పు.

కింది తోటలో కాఫీ పళ్లు ఈసారి ముందే ఎర్రబడుతున్నాయి. మన నల్లమేక బడి గోడకున్న అక్షరాల చార్టు తినేసింది. టీచరమ్మ ఇంకా దానితో మాట్లాడటం లేదు. నీకు కాసిని రాజ్‌మా గింజలు జీపులో పంపుదామనుకున్నాను. జీపునే పంపేశాను, గింజలు ఇక్కడే ఉండిపోయాయి.

వేలిముద్ర వేస్తున్నాను. కోపంలో గట్టిగా నొక్కాను, అలుక్కుపోయింది. నాదే అనుకో.

సోములమ్మ


విశాఖపట్నం,
15 అక్టోబరు 2024

అత్తకి,

నమస్కారం రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా నువ్వు నేర్పిన అలవాటు కాబట్టి, నమస్కారం.

నీ ఉత్తరం అందింది. అంతకుముందే జీపు వచ్చింది. పెట్టె మూత తీసి చూస్తే మందు వెళ్లింది వెళ్లినట్టే ఉంది. అది చల్లగా ఉండాలి అత్తా, గడ్డ కట్టకూడదు, వెచ్చబడనూ కూడదు. ఆ చల్లదనాన్ని కాపాడడమే నా ఉద్యోగం. కరెంటు పోతే ఆ ఫ్రిజ్ పక్కనే కూర్చుంటాను, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు. ఈసారికి పాడవలేదు. మళ్లీ లోపల పెట్టాను.

మా సంస్థకి ఈ ఏడు వచ్చినవే కొన్ని. ఏ ఊళ్లకి ఇద్దామని మాట్లాడుకుంటుంటే మా రాళ్లగెడ్డకి అంటూ లేచి నిలబడ్డది నేను. బుధు వాళ్ల ఇంట్లో జరిగింది చెబుతూ అక్కడే ఏడ్చేశాను. డాక్టర్ బిందుమాధవి గారు సరే అన్నారు. జీపు తిరిగొచ్చాక ఆవిడ నన్ను తిట్టలేదు. "మీ అత్తగారేనా?" అని ఒక్క మాట అడిగారు. తిట్టినా బాగుండేది.

ఈ జ్వరం ఏటా ముఖం మార్చుకుని వస్తుంది. అందుకే టీకా కూడా ఏటా మారుస్తారు. ఏదో ఒక ఏడు అది ఎవరూ ఎరగని ముఖంతో వస్తుందని, కరోనాలాగే దేశదేశాలనీ ఒక్కసారిగా చుట్టేస్తుందని మాకు శిక్షణలో చెప్పారు. అప్పుడు మందు తయారవడానికి నెలలు పడుతుంది. తయారయ్యాక మన కొండ ఎక్కడానికి ఇంకొంత కాలం. ఎక్కిన రోజున మనవాళ్లు భయం లేకుండా చెయ్యి చాపాలంటే ఆ అలవాటు ఇప్పుడే పడాలి. ఇదంతా జీపులో వచ్చినవాళ్లు నీకు చెప్పి ఉండాల్సింది. నువ్వు చెప్పనిచ్చావా?

ఊళ్లో పెద్దదానివి నువ్వే. కొత్తల పండగలో మొదటి ముద్ద నీదే. ఎవరు కాదన్నారు? కానీ సూది దగ్గర కూడా మర్యాద కావాలా అత్తా? దానికోసం కడుపుతో ఉన్న పిల్లని కుర్చీలోంచి లేపాలా? లేకపోతే, ధర్మ బావని కాదని చదువుకి వచ్చేశానని నామీద కోపం ఇంకా ఉందా? నేను పంపింది కాబట్టి వెనక్కి పంపావా?

అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. అందుకే ఇంత మాట అడుగుతున్నాను. వేరేవాళ్లనైతే అడగను.

హేమలత


రాళ్లగెడ్డ,
24 అక్టోబరు 2024

హేమలతకి,

నీ ఉత్తరం టీచరమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి చదవమంటే టీచరమ్మ నా పొయ్యిమీద అన్నం మాడుతోందని లేచిపోయింది. మాడలేదు.

ముందు చిన్న తగువు తీర్చేస్తాను. ధర్మని కాదన్నావని నాకు కోపమా? ఓసి పిచ్చిదానా! నీకు వంట రాదు, పొద్దున్నే లేవవు, మాటకి మాట అంటిస్తావు. నాలాంటివాళ్లు ఒక ఇంట్లో ఇద్దరుంటే కప్పు ఎగిరిపోదా? నువ్వు కాదన్న రోజున అమ్మవారికి కోడిని ఇచ్చాను. నువ్వు కాదన్నావు కాబట్టే సౌందర్య వచ్చింది. నీకు నేను దండం పెట్టాలి. ధర్మకి ఈ మాట తెలియనివ్వకు. అయ్యో, గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. పోనీలే.

ఇక మర్యాద సంగతి. ఇక్కడినుంచి మీ డాక్టరమ్మకి చదివి వినిపించు. నీ సొంత మాట కలపకు, నా మాట తియ్యకు.

డాక్టరమ్మా, నేను సోములమ్మని, కర్ర తీసినదాన్ని. నాకు అక్షరం రాదు. నా వాదన వినండి.

మా కొండమీద దుంపలున్నాయి. ఒకటి తియ్యగా ఉంటుంది. దాని పక్కనే, అదే ఆకుతో, ఇంకొకటి ఉంటుంది. దాన్ని ముక్కలు కోసి గెడ్డలో, పారే నీళ్లలో, నానేయకపోతే గొంతు పట్టేస్తుంది. మామిడి టెంకల అంబలి ఉంది. మంచి టెంకైతే ఆకలి తీరుస్తుంది, బూజు పట్టిందైతే ఇంటిల్లిపాదినీ పట్టుకుపోతుంది. ఏది ఏదో మాకు పుస్తకం చెప్పలేదు. ఎవరో ఒకరు ముందు తిని చూడబట్టి తెలిసింది. అందుకే మా ఊళ్లో కొత్తది ఏది వచ్చినా, మామిడికాయైనా చిక్కుడుకాయైనా సామబియ్యమైనా, అమ్మవారికి చూపించాక ఊళ్లోకెల్లా పెద్దామె నోట్లో పెడతారు. తెల్లారేదాకా ఇంకెవరూ ముట్టరు. ఆమె లేచి తిరిగితే అప్పుడు పిల్లలు తింటారు.

అది మర్యాద అనుకున్నారు మీరు. మా హేమలత ఇక్కడే పెరిగి కూడా అలాగే అనుకుంది. అది ఎప్పుడూ తెల్లారాక తిన్న పిల్ల. తెల్లారకముందు సంగతి దానికేం తెలుసు? మర్యాద కాదమ్మా. చెడ్డదైతే ముసలిదే పోవాలని. నేను కనవలసినవాళ్లని కన్నాను, పెంచవలసినవాళ్లని పెంచాను. నేను పోతే ఏడుస్తారు, వంట చేసుకుంటారు. కడుపుతో ఉన్న పిల్లని మొదట కూర్చోబెడితే మా కంటికి ఎలా ఉంటుందో తెలుసా? రెండు ప్రాణాలని ముందుకి తోసి ఊరంతా వాళ్ల వెనక దాక్కున్నట్టుంటుంది. మా ఊరికి అది సిగ్గు. అందుకు తీశాను కర్ర.

ఇంకొకటి. రుచి చూసినవాళ్లు అబద్ధం ఆడకూడదు. కరువు ఏడు మా అత్తగారు టెంకల అంబలి ముందు తాగింది. మేమంతా కుండ చుట్టూ కూర్చున్నాం, కళ్లు కుండలోనే. ఆవిడ, "నాలిక తిమ్మిరెక్కతంది. ఒలకబొయ్యండి" అంది. మేం కదలకపోతే తనే కాలితో తన్నేసింది. పిల్లలు ఏడ్చారు. నేనూ లోపల తిట్టుకున్నాను. తెల్లారేసరికి ఆవిడ వాంతులతో పడి ఉంది, మేమంతా బతికి ఉన్నాం. తరవాత లేచిందిలెండి, గట్టి ఘటం.

కాబట్టి నా మాట ఇది. నాకు ఒకటి వెయ్యండి. తెల్లారేదాకా ఆగండి. నేను లేచి తిరిగితే నా కోడల్ని నేనే తీసుకొచ్చి కూర్చోబెడతాను. మందు తక్కువైతే నాకు సగమే వెయ్యండి.

జీపు రాని చోట పెట్టె తలమీద మోసుకొచ్చిన మీవాళ్లకి మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపాను. అది బాగాలేదు. వాళ్లకి నా దండం చెప్పండి. మళ్లీ సౌందర్యనే ముందు కూర్చోబెడితే మళ్లీ పంపేస్తాను.

ఈసారి ముద్ర నెమ్మదిగా వేశాను, గీతలన్నీ పడ్డాయి. టీచరమ్మ మెచ్చుకుంది.

సోములమ్మ


విశాఖపట్నం,
1 నవంబరు 2024

అత్తకి నమస్కారాలు, నిండుగా.

మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు నీ ఉత్తరం చదివాను. సగంలో కళ్లజోడాయన ముద్ద కిందపెట్టేశాడు. ఆయన పేరు వరహాలరావు. నవ్వినందుకు నీకు సారీ చెప్పమన్నాడు. కర్ర సంగతి మర్చిపోలేనని కూడా చెప్పమన్నాడు.

డాక్టరుగారు ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ తనే చదివారు. తరవాత, "పెద్దవాళ్లకి కూడా ఈ టీకా పడాల్సిందే. తక్కువ వచ్చాయని మనమే వాళ్లని పక్కన పెట్టాం. సగం కుదరదని చెప్పు, పూర్తిదే వేద్దాం" అన్నారు. నా సంగతి చెప్పాలంటే, ఇన్నేళ్లు నీ చేతి ముద్ద తెల్లారాక తిన్నాను. నువ్వు ముందు తిని నాకోసం కాచుకున్నావని ఎప్పుడూ తట్టలేదు. సూది దగ్గర మర్యాద కావాలా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆరో తారీఖు పొద్దున్న జీపు వస్తుంది. నీకు వేసి పక్క ఊళ్లకి వెళ్లి, మర్నాడు పొద్దున్న మళ్లీ మీ దగ్గరికి వస్తుంది. రాత్రి అక్కడ ఉండడానికి మాత్రం కుదరదన్నారు. నేను రాలేను, ఫ్రిజ్ దగ్గర నా బదులు ఇంకెవరూ లేరు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. సాయంత్రానికి చెయ్యి నొప్పి పెట్టవచ్చు. ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు. అది ఆ జబ్బు కాదు. టీకాతో ఆ జబ్బు రాదు. ఒళ్లు దానితో పోట్లాడడం నేర్చుకుంటోందన్నమాట. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే, భయం లేదు.

కానీ అత్తా, ఊరికి తెలియదు కదా. అందుకే కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. ఆ ఒక్క సాయంత్రం ఊరుకో. ఎవరైనా అడిగితే బాగానే ఉందను. మర్నాడు సౌందర్యకి పడిపోతే ఇక చాలు. పెట్టెలో చల్లదనం అంతకంటే ఎక్కువసేపు ఆగదు, జీపూ ఆగదు.

నీ హేమలత


విశాఖపట్నం,
10 నవంబరు 2024

అత్తకి,

ఒక్కటే ఖర్చయింది. మిగతావన్నీ వెనక్కి వచ్చాయి.

వరహాలరావు గారు చెప్పారు. నీకు వేసిన సాయంత్రమే నువ్వు ఊరి నడిబొడ్డున నిలబడి, చెయ్యి సలుపుతోంది, ఒళ్లు కాలిపోతోంది అని అందరికీ వినబడేలా అరిచావట. మర్నాడు పొద్దున్న కుర్చీ వేసి ఎండెక్కేదాకా కూర్చుంటే ఒక్కరూ రాలేదట. ఊరు వద్దంది అని రాసుకుని వచ్చేశారు.

ఒక్క సాయంత్రం అడిగాను. అంతకంటే ఏమీ అడగలేదు. కట్టెల మోపు కాలిమీద పడితే కూడా పళ్లు బిగించి ఊరుకున్నదానివి నువ్వు. సౌందర్యకి ఎనిమిదో నెల వస్తోంది. చలి వచ్చేసింది. ఇక్కడ ఆసుపత్రుల్లో దగ్గులు మొదలయ్యాయి. బుధు ఇంట్లో జరిగినది మన ఇంట్లో జరిగితే నేను ఆ ఫ్రిజ్ తలుపు మళ్లీ ఎలా తియ్యను?

డాక్టరుగారి ముందుకి మళ్లీ వెళ్లి రాళ్లగెడ్డ పేరు ఎత్తలేను. నిన్ను కూడా ఇక అడగను. నీ చెయ్యి ఎలా ఉందో మాత్రం రాయించు.

హేమలత


రాళ్లగెడ్డ,
16 నవంబరు 2024

హేమలతకి,

నా చెయ్యి బాగుంది. ఈ ఉత్తరం చెబుతూ ఆ చేత్తోనే మేకని తోలుతున్నాను.

ఇక అడగనన్నావు. మంచిది. వినడం మాత్రం మానకు.

మీ జీపుకి చెవులు లేవే. ఆ సాయంత్రం ఏం జరిగిందో నేను చెబుతాను. నువ్వు రాసినట్టే చెయ్యి నొప్పి పుట్టింది, ఒళ్లు వెచ్చబడింది. పూజారి సోంబరు వచ్చాడు, వెనకాల ఊరంతా వచ్చింది. "ఎలాగుందే సోములమ్మా?" అని అడిగాడు. ధర్మ వెనకనుంచి కొంగు లాగుతున్నాడు. "అమ్మా, బాగుందని సెప్పీయే. హేమలత రాసింది కాదా" అని గొణుగుతున్నాడు. నేను వాడి చెయ్యి విదిలించుకుని, "సెయ్యి సలపతంది. ఒల్లు కాలతంది. ఇలాగవుతాదని హేమలత ముందే సెప్పింది. రెండ్రోజుల్లో తగ్గుతాదని కూడా సెప్పింది" అన్నాను. మొత్తం చెప్పాను. మర్నాడు మీవాళ్ల చెవిన ముందు సగమే పడింది.

సోంబరు ఏమన్నాడో తెలుసా? "అయితే తగ్గేక సూద్దుం" అన్నాడు. వద్దనలేదు. తగ్గాక చూద్దాం అన్నాడు. తెల్లారేసరికి ఇంకా తగ్గలేదు కాబట్టి ఎవరూ కుర్చీ దగ్గరికి రాలేదు. మీవాళ్లు దాన్ని వద్దని రాసుకుని పోయారు. ఇంకొక్క పొద్దు ఉంటే ఏం పోయేది?

ఊరుకోమన్నావు. ఊరుకున్నాననే అనుకో. బాగుందని చెప్పాను. పొద్దున్న సౌందర్యకి వేశారు. సాయంత్రానికి దాని ఒళ్లూ వెచ్చబడింది. అప్పుడది ఏమనుకుంటుంది? ముసలిదానికి కానిది నాకు అయింది, నా బిడ్డకేదో అవుతోంది అనుకోదా? ఆ బెంగతోనే పడిపోదా? దానికి ఎవరు చెబుతారు ఇది మామూలేనని? నేను చెబితే నమ్ముతుందా, నిన్న అబద్ధమాడిన నోటిని? ఆ తరవాత మీరు బంగారం తెచ్చి ఇచ్చినా ఈ ఊరు చెయ్యి చాపదు. నాకు చిన్న అబద్ధం చేతకాక కాదే. సంతలో కోడికి వయసు తగ్గించి అమ్మినదాన్ని. కానీ ఇది కోడి కాదు.

తరవాతది విను. మూడోనాటికి నొప్పి పోయింది. బుట్ట తగిలించుకుని కాఫీ పళ్లు కొయ్యడానికి వెళ్లాను. ఒక్కొక్కతే నా వరసలోకి వచ్చింది, ఏదో పనున్నట్టు. ఆశా వర్కర్ రమణి అయితే మొహమాటం లేకుండా నా జబ్బ పట్టుకుని నొక్కి చూసింది, సంతలో వంకాయ నొక్కినట్టు. "నొప్పెట్టలేదేటి?" అంది. "నీ గోరు నొప్పెడతంది, సూది కాదు" అన్నాను. చెట్ల మధ్య అందరూ నవ్వారు. ఆ నవ్వు విన్నాక నాకు తెలిసిపోయింది.

ఇంటికి వచ్చాక సౌందర్య నీళ్లు ఇస్తూ అడిగింది. "అత్తా, నిజంగా తగ్గీనాదా? నాకోసం సెప్పతన్నావా?" నేను, "నొప్పి ఉన్నప్పుడు ఉందని సెప్పేను కాదేటే?" అన్నాను. అంతే. వెళ్లి చీరల్లో మంచిది తీసి దులుపుకుంది.

వచ్చే సంతరోజున మీ జీపుని హుకుంపేటలో నిలబెట్టు. కొండ ఎక్కి రానక్కరలేదు, మేమే దిగుతాం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేనన్నావు. వెళ్లు. రాళ్లగెడ్డ పేరు గట్టిగా ఎత్తు. ఫ్రిజ్‌ని ఎవరికైనా అప్పగించి నువ్వే రా. పెట్టె నిండుగా తీసుకురా.

సోములమ్మ

టీచరమ్మ తన మాటగా ఒకటి రాస్తానంటోంది. రాసుకోనీ. (హేమలత గారూ, నేను కూడా వస్తున్నాను. నాకు ఆస్తమా. మీ దగ్గర మిగిలితే అడుగుతాను. సత్యకుమారి.)


విశాఖపట్నం,
25 నవంబరు 2024

అత్తకి,

మొన్న సంతలో నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. చేతిలో పని ఉందని నువ్వు అనుకుని ఉంటావు. పని కాదు. నోరు తెరిస్తే ఏడుస్తానని.

చింతపండు బుట్టల వెనకనుంచి మీరంతా వస్తుంటే ముందు పోల్చుకోలేదు. పండక్కి కట్టుకునే చీరల్లో వచ్చారు. సౌందర్య ఆటో దిగి నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చి, "అక్కా, ఎయ్యి. రేపు నా ఒల్లు కాలతాది, నాకు తెలుసు" అంది. వరహాలరావు గారు నావైపు చూశారు. మేం ఎన్ని ఊళ్లు తిరిగినా ఆ మాట మేం చెప్పాలి, వాళ్లు భయపడాలి. కడుపుతో ఉన్న పిల్ల తనే చెప్పి చెయ్యి చాపడం నేను ఎప్పుడూ చూడలేదు. దాని తరవాత మిగతావాళ్లంతా వరసగా వచ్చి కూర్చున్నారు. టీచరమ్మగారికి కూడా మిగిలింది.

నేను ఊరుకోమన్నాను. నువ్వు ఊరుకుని ఉంటే సౌందర్యకి ఒక్కదానికే పడేదేమో. నువ్వు ఊరుకోలేదు కాబట్టి ఇంతమందికి పడింది. నేను అడిగింది నువ్వు వినకపోవడం నాకు ఇంత మేలు చేస్తుందని అనుకోలేదు. చిన్నప్పుడు కూడా ఇంతే. బడి మానేస్తానని ఏడిస్తే వినలేదు. ఆ మొండితనానికి నేను ఏమిచ్చినా తక్కువే.

ఒక మంచి మాట. తల్లికి వేసినది పుట్టే బిడ్డకి కూడా కొన్ని నెలలు కాపు కాస్తుంది. సౌందర్యకి చెప్పు.

ఇంకొక మాట, ఇది డాక్టరుగారిది. అనంతగిరి వైపు ఒక కొండ ఊరు జీపుని రెండుసార్లు వెనక్కి పంపింది. నిన్ను వీడియో తీసి వాళ్లకి చూపిస్తే బాగుంటుందంటున్నారు. కుర్చీ, మంచి శాలువా తెస్తారట. ఒప్పుకుంటావా?

నీ హేమలత


రాళ్లగెడ్డ,
9 ఫిబ్రవరి 2025

హేమలతకి,

ముందు బిడ్డ సంగతి. ఆడపిల్ల. నువ్వు ఫోన్లో విన్నదే, కానీ కాగితంమీద కూడా ఉండాలని రాయిస్తున్నాను. నల్లగా, గట్టిగా ఉంది. ఏడుపు మాత్రం నాది.

నువ్వన్న జ్వరం రానే వచ్చింది. కాఫీ గింజలు ఆరబెట్టే రోజుల్లో సంతనుంచి ఎవరో తెచ్చారు. దగ్గు మొదలైనవాళ్లని కళ్లం పాకలో పడుకోబెట్టాం, కరోనా ఏడు చేసినట్టే. గంజి గుమ్మంలో పెట్టి కేక వేసేవాళ్లం. బాలింత ఇంట్లోకి ఎవరూ రాకుండా నేను కర్ర పట్టుకుని కూర్చున్నాను. అయినా సౌందర్యకి తగిలింది. పొద్దున్న ఒళ్లు కాలుతుంటే ధర్మ డోలీ కర్ర తీసి బయట పెట్టాడు. బుధు కూడా మొయ్యడానికి వచ్చి నిలబడ్డాడు. ఆశా రమణి వచ్చి బిళ్లలిచ్చింది, వేలికి ఏదో తగిలించి చూసి ఊపిరి బాగుందంది. మూతికి గుడ్డ కట్టుకుని పాలివ్వమంది. మర్నాటికి జ్వరం దిగింది. ఆ పై రోజు "ఉప్పుసేప ఉందేటి?" అని అడిగింది. డోలీ కర్ర మళ్లీ చూరులో దోపాం. బిడ్డకి తుమ్ము కూడా రాలేదు.

సోంబరు అడిగాడు, అమ్మవారు కాపాడిందా సూది కాపాడిందా అని. నేను, "నీకెందుకు, ఇద్దరికీ దండం ఎట్టు" అన్నాను. పెట్టాడు. అమ్మవారికి కోడిని ఇచ్చాం. నీకూ డాక్టరమ్మకీ వరహాలరావుకీ రాజ్‌మా, పసుపు, ఒక సీసా తేనె పంపుతున్నాను. వరహాలరావు వాటా కాస్త ఎక్కువ కట్టాను, కర్రకి బదులు.

వీడియో సంగతి. నువ్వు అడిగి చాలా రోజులైంది. నేను ఆలోచిస్తున్నాను తప్ప మర్చిపోలేదు. ఒప్పుకోను. శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్లో నాచేత మాట్లాడిస్తే ఆ ఊరివాళ్లు ఎందుకు నమ్మాలి? నా నోరు ఈ ఊరిది. అక్కడ ఆ ఊరి ముసలిది ఉంటుంది. ఆమెకి ముందు వెయ్యాలి. ఆమె చెయ్యి తగ్గేదాకా మీవాళ్లు అక్కడే ఉండాలి. నొప్పి పుట్టించి జీపెక్కి పోతే ఎవరికైనా అనుమానం రాదా? రేపు నువ్వన్న పెద్ద జబ్బు వచ్చినా ఇదే దారి. ఏ ఊళ్లో ఎవరికి ముందు వెయ్యాలో ఇప్పుడే తిరిగి తెలుసుకోండి. జబ్బు వచ్చాక వెతుక్కుంటే ఊళ్లు తలుపులేసుకుంటాయి.

ఇలా రాయిద్దామనుకుంటుండగానే నిన్న సంతలో ఆ ఊరి భీముడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్లమ్మే అక్కడ పెద్దది. మీ డాక్టరమ్మ వెళ్లి ఆవిడ దగ్గర కూర్చుని మాట్లాడిందట, ఎల్లుండి ఆవిడకే మొదటి సూదట, ఆ రాత్రి డాక్టరమ్మ అక్కడే ఉంటానందట. నేను రాయించకముందే చేసింది. మంచి మనిషి. ఆవిడ గురించి నేను లోపల అనుకున్నవన్నీ వెనక్కి తీసుకున్నానని చెప్పు. ఏమనుకున్నానో చెప్పక్కరలేదు.

భీముడి చేత వాళ్లమ్మ అడిగించింది. "ఏసేక ఎలాగుంతాదో ఆ రాళ్లగెడ్డ ముసిల్దాన్ని అడిగి రా" అందట. చెప్పాను. సాయంత్రానికి సలుపుతుంది, ఒళ్లు కాలుతుంది, రెండు రోజుల్లో పోతుంది అన్నాను. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, అది కొడుకు మోసుకెళ్లే మాట కాదనిపించింది. ఊరంతా మొహంలోకి చూస్తుంటే ఒంటరిగా కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు ఆ రోజు పక్కన ఎవరూ లేరు, కొంగు లాగేవాడు తప్ప.

అందుకని రేపు బయలుదేరుతున్నాను. ధర్మ బస్సు ఎక్కిస్తానన్నాడు, అక్కడినుంచి భీముడు తీసుకెళతాడు. నేను వాళ్లకి ఏమీ చెప్పను, టీకా మంచిదనీ చెప్పను. ఆవిడ పక్కన కూర్చుంటాను. నొప్పి పుడితే గట్టిగా చెప్పమంటాను. డాక్టరమ్మకని ఇంకో దుప్పటి తీసుకెళుతున్నాను, ఆ కొండమీద చలికి ఒకటి ఆగదు. నా వంతు అన్నం నేనే కట్టుకెళుతున్నాను.

బిడ్డ లేచింది. ముద్ర వేసి వెళతాను.

సోములమ్మ